గౌతమి గట్టున అరుదైన మొక్క

ఆదివారం పొద్దున్నే యానాంలో బయల్దేరి, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కడియం వెళ్లొచ్చిన కుటుంబాన్ని సాయంత్రం ఇట్టే గుర్తుపట్టవచ్చు. కారు వెనక సీట్లో మనుషులు ఒదిగి కూర్చుని ఉంటారు, వాళ్ల కాళ్ల సందుల్లో నల్ల కవర్ల మొక్కలు. కిటికీలోంచి ఎర్రటి ఆకొకటి బయటికి ఊగుతూ ఉంటుంది. ఇంటికి చేరగానే వాకిట్లో అందరూ మూగి పేర్లు అడుగుతారు. ఏడాది తిరిగాక అదే వాకిలి చూస్తే తెచ్చిన వాటిలో సగం కనిపించవు. ఒకటి వేసవిలో అంచులు మాడి పోయింది, ఒకటి జులై వరదకు కుళ్లింది, ఇంకొకటి నవంబరు గాలికి మొదలంటా విరిగింది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, ముచ్చటపడి తెచ్చుకున్న ప్రాణం చేతుల్లో పోయిందన్న బాధే ఎక్కువ.

సీజనల్ పూలకు ఈ చిక్కు లేదు. బంతి, జీనియా, కాస్మోస్ నాలుగు నెలలు పూసి వెళ్లిపోతాయి. ఏళ్ల తరబడి ఉండాల్సిన మొక్క సంగతి వేరు. అది ఈ ఊరి మూడు కాలాలూ, ఈ నేల ఉప్పూ, ఈ ఏటి నీరూ తట్టుకోవాలి. అలాంటి మొక్కల్లోనే నలుగురి ఇళ్లల్లో లేనిదాన్ని, ప్రత్యేకమైనదాన్ని ఎంచుకోవాలంటే దేన్ని చూసి ఎంచుకోవాలి? కొత్తగా ఇల్లు కట్టుకుని రెండు సెంట్ల పెరడు మిగుల్చుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది.

అరుదైన మొక్క ఏదని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. నర్సరీలో అడిగితే ఓడ మీద వచ్చినదాన్ని చూపిస్తారు. కుండీల పిచ్చి ఉన్న యువతను అడిగితే ఆకు మీద తెలుపో గులాబీ రంగో చిమ్మినట్టున్న రకాల పేర్లు చెబుతారు. పాత పెంకుటింటి పెద్దావిణ్ని అడిగితే, ఒకప్పుడు పెరట్లో ఉండి ఇప్పుడు ఎక్కడా కనిపించని మనోరంజితం తీగను తలుచుకుంటుంది. మూడూ నిజమే. అయితే పదేళ్ల తర్వాత పెరట్లో మిగిలేది ఏదన్నది వేరే లెక్క.

ఈ ఊరి చరిత్రలోనే ఆ లెక్కకు ఆధారం ఉంది. ఫ్రెంచివాళ్లు యానాంలో అడుగుపెట్టింది 1723లో, వదిలిపోయింది 1954లో. ఇప్పుడు గోడల మీద విరగబూసే కాగితం పూల మొక్కకు ఫ్రెంచి నావికుడు బుగెన్విల్ పేరుంది. ఆయన ప్రపంచయాత్రలో వెంట వెళ్లిన వృక్షశాస్త్రవేత్త ఫిలిబెర్ కొమ్మెర్సన్ 1767లో బ్రెజిల్ తీరంలో దాన్ని సేకరించారు. ఆ నౌకలో మగవేషంలో ఆయనకు సహాయకురాలిగా పనిచేసిన జాన్ బారే, భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్రలో నిలిచింది. గుడి ఆవరణలో రాలే దేవగన్నేరు శాస్త్రీయ నామం ప్లుమేరియాలో ఉన్నది ఛార్లెస్ ప్లుమియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త. శివాలయాల్లో భక్తితో పెంచే నాగలింగం చెట్టు దక్షిణ అమెరికాది. దాన్ని 1775లో శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేసిన ఓబ్లే కూడా ఫ్రెంచివాడే.

పక్కనున్న కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అనే పిలిచారు. మనుషులు అటు వెళ్లినట్టే మొక్కలు ఇటు వచ్చాయి. ఇవాళ మనవి అనుకుంటున్న పూలల్లో చాలా ఒకనాటి వింత అతిథులే. నేలకు నప్పినవి ఇంటి పేరు తెచ్చుకున్నాయి, నప్పనివి మళ్లీ కనిపించలేదు.

కడియం విషయానికొస్తే, ధవళేశ్వరం ఆనకట్ట కాలువల నీరూ, లంకల ఒండ్రూ కలిసి కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం, పొట్టిలంక ఊళ్లను వేల ఎకరాల మొక్కల తోటగా మార్చాయి. శ్రీ సత్యనారాయణ నర్సరీ పల్ల వెంకన్న వంటివారు ఆ పేరును దేశమంతా తెలిసేలా చేశారు. అంటు కట్టడంలో అక్కడి చేతులకున్న నేర్పు తరాల నాటిది. ఇప్పుడు అక్కడ థాయిలాండ్ నుంచి వచ్చిన అగ్లోనిమాలు, చైనా నుంచి వచ్చిన జువ్వి బోన్సాయిలు, స్పెయిన్ నుంచి వచ్చిన ముసలి ఆలివ్ చెట్లు కూడా ఉన్నాయి. అన్నీ చూడాల్సినవే. కొనే ముందు మాత్రం ప్రతిదాని పుట్టినూరి వాతావరణం అడగాలి. ఆలివ్ పూత పట్టాలంటే చలికాలపు చల్లదనం కావాలి. యానాంలో అది ఆకులు వేస్తూ బతకవచ్చు గాని, కాయ కోసం ఎదురుచూసేవాళ్లకు నిరాశే. లావెండర్ మన గాలి తేమకు కుళ్లుతుంది. పియనీ, తులిప్ దుంపలకు చలి నిద్ర లేనిదే పువ్వు లేదు.

ధర చూసి అరుదని నమ్మడం ఇంకో పొరపాటు. తెల్లమచ్చల మాన్‌స్టెరా ఒక్కో ఆకును లెక్కపెట్టి అమ్మిన రోజులున్నాయి. టిష్యూకల్చర్ ప్రయోగశాలలు వేలల్లో మొక్కలు తీయడం మొదలుపెట్టాక ధర దిగిపోయింది. పింక్ కాంగో అనే ఫిలోడెండ్రాన్ మరీ గుణపాఠం నేర్పింది. దాని గులాబీ రంగు రసాయనంతో తెప్పించినది కావడంతో కొన్ని నెలలకే కొత్త ఆకులన్నీ పచ్చగా వచ్చాయి. కొత్త రకం మార్కెట్లోకి వచ్చిన రెండో ఏడు దాకా ఓపిక పడితే డబ్బు మిగులుతుంది. అది ఈ ఎండలో ఎలా ఉంటుందో ఇంకొకరి ఇంట్లో చూసే వీలూ దొరుకుతుంది.

పేరు చూసి మోసపోయేది బ్రహ్మకమలం దగ్గర. అసలు బ్రహ్మకమలం ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, హిమాలయాల్లో మూడున్నర వేల మీటర్లకు పైన పెరుగుతుంది. మన ఇళ్లల్లో ఆ పేరుతో ఉన్నది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లకు వేలాడే ఒక కాక్టస్. పేరు తప్పయినా మొక్క మంచిదే. రాత్రి ఎనిమిది దాటాక కొక్కెంలా వంగి ఉన్న మొగ్గ మెడ మెల్లగా పైకి లేస్తుంది. బయటి సన్నని రేకులు వెనక్కి విరుచుకుంటాయి. "వదినా, విచ్చుకుంటోంది, పిల్లల్ని తీసుకురండి" అని గోడ అవతలికి కేక వెళ్తుంది. పదకొండింటికి అరచేయి దాటిన తెల్లటి పువ్వు, లోపల పుప్పొడి పట్టిన కేసరాలు, వాకిలంతా వాసన. హారతి ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఫొటోలు తీసేవాళ్లు తీస్తారు. తెల్లారేసరికి తడిగుడ్డలా వేలాడుతుంది. ఆకు ముక్క ఒకటి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే కొత్త మొక్క వస్తుంది కాబట్టి దీన్ని కొనాల్సిన పని కూడా లేదు, పక్కింటి నుంచి తెచ్చుకుంటే చాలు.

ఇక ఊరి సంగతి. యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క గౌతమి, మరో పక్క కోరంగి మడ అడవులు, కాస్త దూరంలో సముద్రం. ఇక్కడ నాటే ప్రతి మొక్కా మూడు పరీక్షలు రాయాలి.

మొదటిది ఉప్పు. వేసవిలో పైనుంచి నీరు తగ్గినప్పుడు పోటుతో పాటు ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నుతుంది, చాలాచోట్ల బోరు నీరూ ఉప్పగానే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొలతల ప్రకారం లీటరు సాగునీటిలో కరిగిన లవణాలు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఇబ్బంది లేదు. 450 నుంచి 2,000 వరకు జాగ్రత్త అవసరం, 2,000 దాటితే చాలా మొక్కలకు గండమే. చేతిలో పట్టే టీడీఎస్ మీటరుతో ఇంటి బోరు నీటిని ఒక్కసారి చూసుకుంటే సగం ఎంపిక అక్కడే తేలిపోతుంది. కుండీల్లో వాడే కొబ్బరి పొట్టులోనూ ఉప్పుంటుంది. రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాకే మట్టిలో కలపాలి.

రెండోది వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాంలో పల్లపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. గాలి ఆడని వేరు మూడు నాలుగు రోజుల్లోనే చావడం మొదలుపెడుతుంది. మొక్క పైకి పచ్చగా కనిపిస్తూనే, నీరు తీసిన వారానికి వాడిపోయేది అందుకే.

మూడోది గాలి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానును ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. కోనసీమ కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఎత్తుగా, మెత్తగా, వేగంగా పెరిగే చెట్టును ఇంటి గోడ పక్కన నాటేవాళ్లు ఆ రాత్రిని గుర్తు చేసుకోవాలి.

ఈ మూడింటికీ బాగా నిలబడే వర్గం దుంప, గడ్డ జాతులు. పైభాగం పోయినా భూమిలో ప్రాణం దాచుకోవడం వాటి స్వభావం. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది విషముంగలి. తీరం వెంబడి సహజంగా పెరిగే ఈ పెద్ద లిల్లీకి కత్తుల్లాంటి ఆకులు, సాలెపురుగు కాళ్లలా చీలిన తెల్లటి రేకులు, సాయంత్రం వేళ తియ్యటి వాసన. దాని గింజలు నీటి మీద తేలుతూ ఒడ్డు నుంచి ఒడ్డుకు చేరతాయి. అలాంటి మొక్క ఉప్పుకు గాని వరదకు గాని జంకదు. అయినా నర్సరీలో దాన్ని అడిగేవాళ్లు తక్కువ. పేరులోనే ఉన్నట్టు దుంప విషం కాబట్టి, చిన్నపిల్లలున్న ఇంట్లో గోడ అంచున నాటాలి.

మెట్టతామర తడిలో పెరిగే మొక్క. పాత ఎర్ర రకాన్ని అందరూ చూసినవాళ్లే, చారల ఆకుల రకాలు, ఊదా ఆకుల రకాలు పెట్టుకుంటే పువ్వు లేని రోజు కూడా అందమే. వాన లిల్లీ వేసవంతా గడ్డిలా పడి ఉండి, తొలకరి పడ్డ నాలుగైదు రోజులకు గులాబీ, పసుపు, తెలుపు పూలతో లేస్తుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన మే ఫ్లవర్ ఏడాదికొక్కసారి ఎర్రటి బంతి లాంటి గుత్తి వేసి, చలికాలంలో ఆకులన్నీ రాల్చి నిద్రపోతుంది. చచ్చిపోయిందనుకుని కుండీ బోర్లించేసే ఇళ్లు ఎన్నో. భూచంపకానిది ఇంకో వింత. ఎండిన నేలలోంచి ఆకు కన్నా ముందు ఊదా తెలుపు పువ్వు పుట్టుకొస్తుంది. ఈ రెండింటికీ నిద్రాకాలంలో నీరు పోయకూడదు, కుండీలోనో ఎత్తు మడిలోనో ఉంచాలి. చెంగల్వకోష్టు, హెలికోనియా కొబ్బరి నీడలో, తేమలో హాయిగా పెరుగుతాయి. హెలికోనియా వెడల్పాటి ఆకు గాలికి పేలికలవుతుంది కాబట్టి గోడ చాటు ఇస్తే చాలు.

తీగల్లో కాగితం పూలకు పోటీ లేదు. ఉప్పుగాలికీ ఎండకీ వెరవవు. నీరు ఎక్కువైతే ఆకులు, తక్కువైతే పూలు. ఒకే చెట్టున గులాబీ, తెలుపు కలిసి పూసే మేరీ పామర్ లాంటి రకం ఒకటి ఉంటే గోడ వెలిగిపోతుంది. వాసన కావాలంటే మనోరంజితం. పువ్వు కాడ దగ్గర కొక్కెం ఉంటుంది, దానితోనే పందిరిని పట్టుకుని పైకి పాకుతుంది. ఆకుపచ్చగా ఉన్నప్పుడు పువ్వును ఎవరూ గుర్తుపట్టరు. పసుపు తిరిగాక మాత్రం మాగిన పండు వాసన వీధి మలుపు దాకా వస్తుంది. పూత పట్టడానికి కొన్నేళ్లు పడుతుంది, పట్టాక దశాబ్దాలు ఉంటుంది. ఆ ఓపిక లేకనే పెరళ్ల నుంచి పోయింది.

మొగలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏటి గట్టున, ఇసుకలో, ఉప్పునీటి అంచున పెరిగే మొక్క ఇది. ఊడల్లాంటి వేళ్లతో గట్టును పట్టి ఉంచుతుంది. సరిహద్దు దాటిన ఒడిశాలో, తెలుగువాళ్లు కూడా ఎక్కువగా ఉండే గంజాం జిల్లాలో ఈ పువ్వు నుంచి అత్తరు తీస్తారు. గంజాం మొగలి పువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆడ, మగ చెట్లు వేరు. వాసన వేసేది మగ పువ్వు, అందుకే పూసిన మగ చెట్టు పిలకనే అడిగి తెచ్చుకోవాలి. పొదలో పాములుంటాయన్న భయమూ, శివుడికి పనికిరాదన్న మాటా దీన్ని ఇళ్లకు దూరం చేశాయి. ముళ్లు నిజమే కాబట్టి నడిచే దారిలో వద్దు, స్థలం చివర కంచెగా నాటి కింద ఆకులు కోస్తూ ఉంటే శుభ్రంగా ఉంటుంది.

చెట్టు నాటే చోటుంటే పొగడ. నిదానంగా పెరుగుతుంది, కర్ర గట్టిది, గాలికి సులువుగా విరగదు. పువ్వు ఎండినా వాసన పోదు. వీధి చివర వెడల్పాటి జాగా ఉన్నచోట పొన్న నాటుకోవచ్చు, తీరపు చెట్టు కాబట్టి ఉప్పుగాలి దానికి పుట్టినిల్లు.

కుండీల ప్రియులకు అడీనియం ఇష్టం. తూర్పు ఆఫ్రికా, అరేబియా ఎడారుల మొక్క అది. యానాం ఎండ దానికి పండగ, వాన శత్రువు. డాబా మీద, రేకు పంచ కింద, ఇసుకా ఇటుక ముక్కలూ ఎక్కువగా కలిపిన మట్టిలో పెడితే ఏళ్ల తరబడి మొదలు ఊరుతూ బొమ్మలా తయారవుతుంది. అగ్లోనిమా, ఆంథూరియం, క్యాలథియాలకు మన గాలిలో తేమ నచ్చుతుంది, బోరు నీరు నచ్చదు. ఆకు అంచులు గోధుమరంగుకు మాడితే నీటిలో ఉప్పును అనుమానించాలి. పట్టి ఉంచిన వాన నీరు వాటికి మందు. తామర, కలువ తొట్లు కూడా మంచినీటివే. థాయిలాండ్‌లో పుట్టిన వన్విసా కలువ నారింజ రేకుల మీద పసుపు చుక్కలతో పూస్తుంది. తొట్టిలో నాలుగు గప్పీ చేపలు వేస్తే దోమల బెంగ తీరుతుంది.

కొత్తదాని మీద మోజుకు ఒక హద్దు ఉండాలి. కాలువలను కమ్మేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి 19వ శతాబ్దంలో ఊదా పువ్వు అందం చూసి తెచ్చిన మొక్కే. ఉప్పుకు, ఎండకు దేనికీ చావదని ఊరూరా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది. తట్టుకోవడం ఒక్కటే అర్హత కాదు. పెరడు దాటి ఏట్లోకి, మడ అడవిలోకి పాకే మొక్కను యానాంలో నాటడం పక్కవాడి పొలంలో కలుపు చల్లడంతో సమానం. అడవి నుంచి తవ్వి తెచ్చినదీ కొనకూడదు. తిరుపతి, కడప కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీకి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఆ పోలిక కావాలంటే నర్సరీలో పెంచిన జపాన్ సైకస్ దొరుకుతుంది. అడవినాభి, అడీనియం పాలు, గన్నేరు విషాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

నర్సరీలో నిలబడినప్పుడు పువ్వును ఆఖర్న చూడాలి. ముందు కవరు ఎత్తి అడుగు చూడాలి. వేళ్లు చుట్టలు చుట్టుకుని రంధ్రాల్లోంచి బయటికొచ్చి ఉంటే ఆ మొక్క చాలాకాలంగా అక్కడే ఉన్నట్టు. ఆకు తిప్పి చూస్తే పిండినల్లి దూది ముక్కలా కనిపిస్తుంది. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగు. అంటు మొక్కయితే కట్టిన చోటు బాగా అతుకు పడిందా, దాని కింద నుంచి వేరే పిలకలు లేస్తున్నాయా చూడాలి. షేడ్‌నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చిన రోజే ఎండలో పెడితే మాడుతుంది. రెండు వారాలు పంచలో ఉంచి మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి. చెట్లు, తీగలు తొలకరికి నాటితే నవంబరు గాలుల నాటికి వేరు పట్టు చిక్కుతుంది. సున్నితమైన ఆకుల మొక్కలు తుపాన్లు వెళ్లాక డిసెంబరు, జనవరుల్లో తెచ్చుకోవడం మేలు. జనవరిలో యానాం ప్రజా ఉత్సవాల ఫలపుష్ప ప్రదర్శనకు వెళ్తే ఈ ఊరి కుండీల్లోనే ఏది ఎలా పెరిగిందో కళ్లారా చూడవచ్చు, పెంచినవాళ్లను అక్కడే అడగవచ్చు.

రెండు సెంట్ల పెరడును మాటల్లో నాటి చూద్దాం. ఏటి వైపు అంచున మొగలి పిలక ఒకటి, దాని లోపలి వరసలో విషముంగలి, నీరు నిలిచే పల్లంలో మెట్టతామర. ఇంటి దగ్గర లంక ఒండ్రు పోసి అడుగున్నర ఎత్తు లేపిన మడి, అందులో భూచంపకం, మే ఫ్లవర్, అంచులంతా వాన లిల్లీ. పందిరి మీద మనోరంజితం, ప్రహరీ మీద కాగితం పూలు. డాబా మీద రెండు అడీనియాలు. పంచలో వేలాడే బ్రహ్మకమలం, పక్కింటి నుంచి వచ్చిన ఆకుది. కడియం నుంచి ఆ ఏడాది మోజుపడి తెచ్చిన కొత్త కుండీకి మెట్టు మీద ఒక్కటే చోటు. వరద వచ్చిన రోజు ఆ కుండీని, అడీనియాలను లోపలికి తెస్తే చాలు, తక్కినవి నీటిలోనే ఉంటాయి. నీరు తీశాక ఒండ్రు పట్టిన విషముంగలి ఆకులను ఒక చెంబుడు మంచినీళ్లతో కడగాలి. నడుమ నుంచి కొత్త కాడ లేచి మొగ్గల గుత్తితో నిలబడి ఉంటుంది.